ఇనోసిటాల్ ఫాస్ఫేట్లు

ఇనోసిటాల్ ఫాస్ఫేట్లు అంటే ఆరు కర్బన పరమాణువుల వలయం గల మయో-ఇనోసిటాల్‌కు ఒకటి లేదా అంతకు మించి ఫాస్ఫేట్ సమూహాలు చేరగా ఏర్పడే, నీటిలో కరిగే సంయోగ పదార్థాలు.

మూడు ఫాస్ఫేట్లు గల ఐపీ3 కణంలో ద్వితీయ సందేశవాహకం. హార్మోను కణ ఉపరితలంపై గ్రాహకాన్ని చేరగానే ఫాస్ఫోలైపేజ్-సి ఎంజైము కణపొరలోని ఒక కొవ్వును చీల్చి దీన్ని విడుదల చేస్తుంది. ఐపీ3 అంతర్జీవద్రవ్య జాలంలో నిల్వ ఉన్న కాల్షియాన్ని కణద్రవ్యంలోకి వదిలిస్తుంది. నునుపు కండరాల సంకోచం, గ్రంథుల స్రావం, ఫలదీకరణ తర్వాత అండం చైతన్యం పొందడం ఈ కాల్షియం మీదే ఆధారపడతాయి. మైకేల్ బెరిడ్జ్, సహ పరిశోధకులు 1983లో క్లోమ కణాలపై ఈ పాత్రను చూపారు. ఐపీ3 గ్రాహకాన్ని తయారుచేసే ఐటీపీఆర్1 జన్యువులో కొన్ని మార్పులు అనుమస్తిష్కాన్ని దెబ్బతీసి, నడక తూలే అటాక్సియాకు దారితీస్తాయి. బైపోలార్ వ్యాధికి వాడే లిథియం ఇనోసిటాల్ మోనోఫాస్ఫటేజ్‌ను నిరోధిస్తుంది. ఆ మందు గుణమంతా దీనివల్లేనన్నది మాత్రం రుజువు కాలేదు.

ఆరు ఫాస్ఫేట్ల ఐపీ6, అంటే ఫైటిక్ ఆమ్లం, తవుడులో, పప్పుల్లో, నువ్వుల్లో భాస్వరపు నిల్వ. ఇది ఇనుము, జింకులను పట్టి ఉంచి పేగులో వాటి శోషణను తగ్గిస్తుంది. పులియని రొట్టె ప్రధానాహారమైన ఇరాన్ గ్రామాల యువకుల్లో ఎదుగుదల ఆగడానికి జింకు లోపం కారణం కావచ్చని వైద్యుడు ఆనంద ప్రసాద్ 1960ల ఆరంభంలో ప్రతిపాదించారు. పేదల భోజనంలో ధాన్యమే ప్రధానం కనుక ఈ విషయానికి ప్రాముఖ్యం ఎక్కువ. నానబెట్టడం, మొలకెత్తించడం, ఇడ్లీ పిండిలా పులియబెట్టడం ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. మరోవైపు ఐపీ6 మూత్రంలో కాల్షియం స్ఫటికాలు ఏర్పడకుండా అడ్డుకుంటుంది. హెచ్ఐవీ-1 రేణువు కూర్పుకు ఇది తోడ్పడుతుందని 2018లో తెలిసింది. క్యాన్సర్‌ను నిరోధిస్తుందన్న వాదనకు ఆధారాలు ప్రధానంగా కణ, జంతు ప్రయోగాలే.