న్యూటను పండితుడు – దొంగనాణెముల విచారణ

17వ శతాబ్ది తుదిని ఇంగ్లాండున వెండినాణెముల యంచులు కత్తిరించువారును, దొంగనాణెములు చేయువారును మిక్కిలి ప్రబలిరి. ఇది రాజద్రోహముగా నెంచబడుటచే నపరాధికి మరణమే శిక్ష. 1696లో ప్రభుత్వము పాతనాణెములను కరగించి క్రొత్తవి ముద్రింపించుచుండగా, గణితశాస్త్రజ్ఞుడగు ఐజాక్ న్యూటను లండను టంకశాలకు వార్డెనుగా నియమితుడయ్యెను.

నేరస్థులను పట్టి శిక్షింపించుటయు నా పదవికి జేరిన విధియే. దానినుండి తన్ను తప్పింపుడని న్యూటను మొదట ఖజానావారిని వేడుకొనెను. నేరము రుజువు చేయించినవారికి 40 పౌనుల బహుమాన మేర్పడినందున జూరీలు సాక్షులను నమ్మకున్నారని యాతని మొర. అది చెల్లలేదు. అంతట నాతడు మేజిస్ట్రేటు అధికారమును బొంది, చెరసాలలందు వేగులను నిలిపి, నూరుకు పైగా వాఙ్మూలములను స్వయముగా గైకొనెను.

విలియం చాలొనరను వంచకుడు 1697లో పార్లమెంటు నెదుట టంకశాలవారినే నిందించి, నాణెములను బాగుచేయు నుపాయము తనకు దెలియునని పలికెను. న్యూటను వాని పూర్వసహచరులను విచారించి, పలువురి సాక్ష్యమును గూర్చెను. ప్రాణభిక్ష వేడుచు వాడు వ్రాసిన లేఖ నిష్ఫలమయ్యెను. 1699 మార్చిలో వాని నురితీసిరి.

వెండిని పరీక్షింప మూస గలదు. సాక్ష్యమును పరీక్షింప విచారకుని యోర్పు దక్క వేరు సాధనము లేదు. బహుమానమునకై పలికిన మాటయు దొంగనాణెమే కావచ్చును. దాని వెల మాత్రము ఒక నిండు ప్రాణము.