ఒక బాలిక ప్రశ్న నుండి పుట్టిన ఇన్‌హేలర్

ఇన్‌హేలర్ అనగానే తల్లిదండ్రులు అనేకులు జంకుతారు. బిడ్డకు అది వ్యసనమవుతుందని భయపడతారు. అసలు ఆ సాధనం ఒక ఉబ్బసపు బాలిక ప్రశ్న వల్లనే పుట్టిందని మీకు తెలుసా?

పూర్వం రోగులు రబ్బరు బుడ్డి అమర్చిన గాజు పరికరంతో మందును పీల్చేవారు. అది సులభంగా పగిలేది. మోతాదూ నిలకడగా ఉండేది కాదు. 1955లో అమెరికాలోని రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మెయిసన్‌ను ఆయన పదమూడేళ్ల కుమార్తె, జుట్టుకు చల్లుకునే స్ప్రే వలె తన మందు ఎందుకు రాకూడదని అడిగింది. 1956లోనే, నొక్కిన ప్రతిసారీ ఒకే మోతాదునిచ్చే తొలి ఇన్‌హేలర్ విపణిలోకి వచ్చింది. అందులోని మందు బిగుసుకున్న శ్వాసనాళాలను సడలించేది. నాళాలలోని వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ బ్రిటన్‌లో 1972లో వెలువడింది.

మందు నేరుగా శ్వాసనాళాలకే చేరుతుంది గనుక స్వల్ప మోతాదే చాలు. సాల్బుటమాల్ మాత్రలో 2 మిల్లీగ్రాములుంటే, ఇన్‌హేలర్‌ను ఒకసారి నొక్కితే వెలువడేది 100 మైక్రోగ్రాములే. అంటే ఇరవయ్యో వంతు.

కావున ఇన్‌హేలర్‌ను చివరి అస్త్రంగా భావించకండి. పసిపిల్లలకు స్పేసర్ అమర్చి వాడండి. ఆయాసం తగ్గిందని, వైద్యుణ్ణి సంప్రదించకుండా వాపు తగ్గించే మందును మానకండి.