అధిమంథము: నేత్రవైద్యచరిత్రలో నొక విచారణము

సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున నేత్రరోగములు 76 అని పరిగణింపఁబడినవి. అందు వాతజములు 10, పిత్తజములు 10, కఫజములు 13, రక్తజములు 16, సర్వజములు 25, బాహ్యజములు 2. వాగ్భటుఁడు ఈ సంఖ్యను 94 వఱకుఁ బెంచెను. ఈ పట్టికలో అధిమంథ మను పేరితో నాలుగు రోగములు కలవు. ఇటీవలి యాయుర్వేదవ్యాఖ్యలలోను, పాఠ్యగ్రంథములలోను అధిమంథశబ్దము ప్రక్కనే ‘గ్లాకోమా’ యని వ్రాయుట పరిపాటి యైనది. పేరునకుఁ బేరు సరిపెట్టిన పిమ్మట, అధిమంథమునకుఁ జెప్పఁబడిన ఘృతములును, అంజనములును, త్రిఫలాకషాయమును గ్లాకోమాకు మందులని ప్రకటించుట కొక్క యడుగే మిగిలి యుండును. ఆ యడుగును బలువురు వేసిరి. కాఁబట్టి ఈ సమీకరణము కేవలము నిఘంటువిచారము గాదు. దీనిని నమ్మి చుక్కలమందు మానినవాని చూపు దీనిపై నాధారపడి యున్నది.

మొదట గ్లాకోమా యన నేమో చెప్పవలెను. కంటి ముందరి భాగమున నొక పలుచని ద్రవము నిరంతరము పుట్టుచు, నల్లగ్రుడ్డు అంచున నున్న కోణమునుండి బయటికిఁ బోవుచుండును. పోవు దారి మందగించినచో లోపలి యొత్తిడి పెరిగి, వెనుకనున్న దృష్టినాడి తంతువులు క్రమముగా నశించును. నశించిన తంతువు మరల మొలవదు. ఒత్తిడి సామాన్యముగా నుండఁగనే నాడి చెడు సందర్భములును గలవు. ఈ రోగము ముఖ్యముగా రెండు తెఱఁగులు. కోణము హఠాత్తుగా మూసికొనిపోయినచోఁ గన్ను ఎఱ్ఱవాఱి, భరింపరాని నొప్పియు, ఆ వైపు తలపోటును, వమనమును గలిగి, కొలఁది దినములలోనే చూపు పోవచ్చును. కోణము తెఱచియే యుండి దారి మాత్రము మందగించిన రెండవ తెఱఁగులో నొప్పి లేదు, ఎఱుపు లేదు. ప్రక్కచూపు ఏండ్ల తరబడి హరించుచుండఁగా రోగి దాని నెఱుఁగఁడు.

ఇఁక సుశ్రుతుని మాట. అభిష్యందములు నాలుగు, చికిత్స లేక పెరిగినచో నవియే నాలుగధిమంథము లగునని యాతని మతము. కన్ను పెఱికివేయఁబడుచున్నట్లును, లోపల మథింపఁబడుచున్నట్లును నుండుట, తల సగభాగమున వేదన వ్యాపించుట, ఇవి సామాన్యలక్షణములు. మథనార్థమునుబట్టియే యీ పేరు వచ్చినది. ఉపేక్షించినచోఁ గఫజాధిమంథము 7 రాత్రులలోను, వాతజము 6 రాత్రులలోను, రక్తజము 5 రాత్రులలోను దృష్టిని హరించుననియు, పిత్తజము మిథ్యాచారమువలన వెంటనే హరించుననియు గడువులతో సహా చెప్పఁబడినది. వాతజమును విడిచిపెట్టఁగాఁ గలుగు హతాధిమంథము అసాధ్యరోగములలోఁ జేర్పఁబడెను.

అర్ధశిరోవేదన, దారుణమైన నేత్రశూల, దినములలో నాంధ్యము: ఈ మూఁడును గూడినచోట మొదటి తెఱఁగు గ్లాకోమా జ్ఞప్తికి వచ్చుట సహజము. ప్రాచీనులు దానిని జూచి యుండుట నిశ్చయమనియే చెప్పవచ్చును. అయినను అధిమంథ మనఁగా నదియే యనుట యుక్తము గాదు. అభిష్యందము కండ్లకలక వంటిది. అది ముదిరినంత మాత్రమున కోణము మూసికొనదు. నల్లగ్రుడ్డుపైఁ బుండు పడినను, కనుపాప చుట్టునున్న పొర వాచినను ఇట్టి నొప్పియు, ఇట్టి యాంధ్యమును గలుగును. అభిష్యందమునుండి యధిమంథము పుట్టునన్న క్రమము వీనిలోఁ గొన్నిటికే బాగుగా నొప్పును. వాతాభిష్యందలక్షణములలో ‘స్తంభన’ మను మాట కలదు. దానికిఁ గ్రుడ్డు కాఠిన్యమని యర్థము చెప్పవచ్చునని తోఁచినను, రోమహర్షము, పారుష్యము మొదలగువాని నడుమ నున్న యా మాటకుఁ గన్ను బిగిసికొనిపోవుట యను నర్థమే ప్రకరణానుగుణము. అధిమంథ మొక లక్షణసముదాయము. అందు గ్లాకోమా యొక భాగము గావచ్చును. రెండును సమవ్యాప్తములు గావు.

నొప్పి లేని రెండవ తెఱఁగుకు అధిమంథములోఁ జోటే లేదు. వేదన లేక క్రమముగాఁ జూపు తగ్గుటను సంహిత తిమిరమనియు, కాచమనియు, తుదకు లింగనాశమనియు వర్ణించినది. కావున అధిమంథచికిత్సను ఈ రోగికిఁ జేయువాఁడు శాస్త్రమును గూడఁ దప్పినవాఁడే యగును.

పేర్ల చరిత్ర మఱింత చిక్కైనది. గ్రీకువైద్యుఁడగు హిప్పోక్రటీసు పేరఁ బరఁగుచున్న సూత్రములలో వృద్ధుల రోగములలో నొకటిగా ‘గ్లాకోసిస్’ చెప్పఁబడెను. ఆ మాట కంటిపాప నీలిపచ్చగాఁ గనబడుటను దెలుపునే గాని యొత్తిడిని దెలుపదు. దానిలో శుక్లములును జేరి యుండును. సుశ్రుతుఁడు లింగనాశమునకు నీలిక, కాచము అని నామాంతరములు చెప్పుట ఇచ్చటఁ బోల్చి చూడఁదగినది: రెండు దేశములవారును చూపుపోయిన కంటిపాప రంగునే చూచి పేరు పెట్టిరి. అరబ్బీలో నీ రోగము నీలిజలము, హిందీలో నల్లమోతియ. తెలుఁగున ‘నీటికాసులు’. ఈ కాసు కాచశబ్దభవమని చెప్పుట సులభమే కాని ధ్వనిసామ్యము సాక్ష్యము గాదు. ఈ పేర్లలో నొక్కటియుఁ గంటి కాఠిన్యమును సూచింపక పోవుట గమనింపవలసినది.

కాఠిన్యమును స్పష్టముగా వ్రాసినవాఁడు ఇంగ్లాండు దేశపు రిచర్డు బానిస్టరు. 1622లోఁ బ్రకటితమైన తన గ్రంథమున, నయముగాని యొకవిధమగు నంధత్వములోఁ గన్ను వ్రేళ్లకు గట్టిగాఁ దగులునని యాతఁడు చెప్పెను. ఆ మాట రెండువందల యేండ్లు మఱుఁగుపడి యుండెను. 1705లో ఫ్రాన్సు దేశీయుఁడగు బ్రిసో శవపరీక్షవలన శుక్లమన మసకబాఱిన కటకమే యని నిరూపించుటతో గ్లాకోమా దానినుండి వేఱుపడెను. 1830లో గ్లాస్గో పట్టణమున మెకంజీ కాఠిన్యమును మరల నొక్కి చెప్పెను. 1851లో హెల్మ్‌హోల్ట్‌జు కంటిలోపలిని జూచు దర్పణమును నిర్మించినపిదప దృష్టినాడి శిరస్సు గుంటపడుట ప్రత్యక్షమైనది. 1857లో బెర్లినునందు ఫాన్ గ్రేఫే కనుపాప చుట్టుపొరలో నొక ముక్కను గత్తిరించి తీసి, కోణము మూసికొన్న రోగులకుఁ జూపు నిలుపఁగలిగెను. అంతవఱకు ఈ రోగమునకు మందన్నది ఏ ఖండమునను లేదు. ఒక్క భారతీయులనే యిచ్చట వెనుకఁబడినవారని చెప్పుట యన్యాయము.

సుశ్రుతుని చికిత్స యెట్టిది? పాతనేతితో స్నిగ్ధుని జేసి, స్వేదము పట్టించి, సిరను వేధించి రక్తము విడువవలెను. తర్పణ పుటపాకాదులు తరువాతివి. అగ్నికర్మాధ్యాయమున శిరోరోగమునకును, అధిమంథమునకును బొమలు, నుదురు, కణఁతలయందు వాఁత పెట్టుమని యున్నది. ఇవి వేదనను దగ్గించి యుండవచ్చును. మూసికొన్న కోణమును దెఱవజాలవు. త్రిఫలకు వైద్యకమున చక్షుష్యమను కీర్తి కలదు. ఈ శబ్దము విమర్శింపఁదగినది. కంటికి హితమైనది చక్షుష్యము. అది పథ్యమునకును, రసాయనమునకును సంబంధించిన మాట. రోగ మేర్పడిన కన్నును మరల్చునది యని దానికర్థము లేదు. ఈ భేదమును బూర్వులు పాటించిరి, ప్రకటనకారులు చెఱిపివైచిరి.

మూలికలను, ఆహారమును నమ్మిన ప్రాచీనులు అన్నిచోటులఁ దప్పినవారు గారు. రేచీకటికి మేక కాలేయమును బిప్పలితో వండి పెట్టుట మన వైద్యకమునఁ బ్రసిద్ధము. ఈజిప్టువారి ప్రాచీనవైద్యపత్రములలోను గంటికి కాలేయము చెప్పఁబడినది. 1913లో అమెరికాలో మెకాలమ్, డేవిసులు వెన్నలోని జీవద్రవ్యమును గుర్తించిన పిమ్మట ఇందలి రహస్యము బయలుపడెను: కాలేయమున ‘ఏ’ విటమిను సమృద్ధిగా నుండును, దాని లోపమే రేచీకటికి ముఖ్యహేతువు. ఒకే సంహితలో నొక విధి నిలిచి, వేఱొక విధి నిలువకపోవుట విడ్డూరము గాదు. రేచీకటి యాహారలోపము, గ్లాకోమా జలమార్గమున కలిగిన యవరోధము.

ఆంధ్రదేశమునను ఈ సంప్రదాయము సాగినది. త్రికళింగదేశపు రామగిరియందు జైనాచార్యుఁడగు ఉగ్రాదిత్యుఁడు రచించిన కల్యాణకారకము మద్యమాంసమధువులను వర్జించి వైద్యము చెప్పుటకుఁ బ్రసిద్ధి కెక్కినది. అట్టివానికి రేచీకటికిఁ గాలేయము చెప్పుట కుదురదు గదా! తెలుఁగు వైద్యుల యింటింట నుండిన బసవరాజీయమును సంస్కృతశ్లోకములతోను, తెలుఁగు తాత్పర్యముతోను నేత్రరోగములను వివరించినది. ఇవి రెండును పూర్వమతమునే యనుసరించినవి.

మూలికావైద్యమునకు ఈ రోగమున గొప్ప విజయ మొకటి కలదు. అది వచ్చినది ఆఫ్రికానుండి. నేఁటి నైజీరియాలోని కలబారు ప్రాంతమున ఎఫిక్ జాతివారు దోషనిర్ణయమున కొక విషపు గింజను దినిపించెడివారు. 1855లో ఎడింబరో ఆచార్యుఁడు క్రిస్టిసన్ దానిని స్వయముగాఁ దిని పరీక్షించెను. 1862లో ఫ్రేజరు దాని సారము కంటిపాపను సంకోచింపఁజేయుటను గనిపెట్టెను. 1876లో స్ట్రాస్‌బర్గు నేత్రవైద్యుఁడు లాకరు ఆ గింజనుండి తీసిన ఫిసోస్టిగ్మిను గ్లాకోమాలో నొత్తిడిని దగ్గించునని ప్రకటించెను. ఆతఁడు స్వయముగా నా రోగపీడితుఁడు. మఱుసటి యేఁడు బ్రెజిలు దేశపు జబొరాండి యాకునుండి 1875లో వేఱుచేయఁబడిన పైలోకార్పిను కూడ వాడుకలోనికి వచ్చెను. పాప సంకోచించినచోఁ గోణము లాగఁబడి తెఱచుకొనును. మందు చెట్టునుండి వచ్చినదే. కాని దాని నిలిపినది మోతాదును, కొలతయును.

ఇదే కలబారు గింజ హోమియోపతిలోను ‘ఫిసోస్టిగ్మా’ యను పేరఁ బ్రవేశించినది. హానెమాను (1755–1843) 1810లోఁ బ్రకటించిన ఆర్గనానునందు, ఆరోగ్యవంతునియందు ఏ లక్షణములను బుట్టించునో యా ద్రవ్యమే యా లక్షణములుగల రోగమును మాన్పునని సిద్ధాంతీకరించెను. అందుచే నెఱ్ఱవాఱి పోటు గల కంటికి బెల్లడోనా విహితమైనది. బెల్లడోనాయొక్క సారమగు అట్రోపిను పాపను విస్తరింపఁజేయును. కోణ మిఱుకైన కంటిలో నది గ్లాకోమాను రగుల్కొల్పునని వైద్యులు 19వ శతాబ్ది యుత్తరార్ధముననే యెఱిఁగిరి. హోమియోపతి దృష్టిలో నిది యాక్షేపణ గాదు, సిద్ధాంతమునకు సాక్ష్యమే. అయితే నూటి కొకపాలుగాఁ గలుపుట 30 మాఱులు జరిపిన మందులో మూలద్రవ్య మొకటి ప్రక్క 60 సున్నలు గల సంఖ్యలో నొక పాలగును. అందు నొక యణువైనను మిగిలియుండుట దాదాపు అసంభవము. కావున హానియు లేదు, కోణమును దెఱచు శక్తియు లేదు. కంటి యొత్తిడిని అట్టి మందులు తగ్గించుట నియమబద్ధపరీక్షలవలన సిద్ధింపలేదు. ఆద్యులైన హోమియోపతీ నేత్రవైద్యులు శస్త్రమును విడిచినవారు గారు. 1867లో వారి యధీనమునకు వచ్చిన న్యూయార్కు నేత్రవైద్యశాలలో మందులతోఁబాటు శస్త్రచికిత్సలును జరుగుచుండెను. అక్కడి వైద్యులు ఆలెన్, నార్టనులు కంటిమందులపై గ్రంథమును బ్రకటించినది 1876లో. లాకరు ప్రకటన జరిగినదియు నా యేఁడే. తెలుఁగుదేశమున గుడివాడలో 1945లో హోమియోపతీ వైద్యకళాశాల వెలసినది.

గ్లాకోమా శస్త్రచరిత్రలో చెన్నపురికి విశిష్టస్థానము కలదు. 1819లో నచ్చట నెలకొన్న నేత్రవైద్యశాలకు రాజధానిలోని తెలుఁగు జిల్లాల రోగులకును బ్రవేశము కలదు. దాని యధ్యక్షుఁడగు రాబర్టు హెన్రీ ఎలియట్ 1909లో, నల్లగ్రుడ్డు తెల్లగ్రుడ్డు కలియుచోటఁ జిన్న గుండ్రని బిళ్లను గోసి తీసి, లోపలి నీరు పైపొర క్రిందికి దిగునట్లు చేయు పద్ధతిని వెలయించెను. ఎలియట్ పేరితోనే యది లోకమంతటను వ్యాపించి, 1968లోఁ గెయిర్న్సు పద్ధతి వచ్చువఱకుఁ బ్రముఖముగా నుండెను. ఎలియట్ మఱియొక పనియుఁ జేసెను. శుక్లపుఁ గటకమును సూదితోఁ గంటిలోనికిఁ ద్రోయు ప్రాచీన క్రియను, సుశ్రుతుఁడు లింగనాశమునకుఁ జెప్పిన దానిని, ఊరూరఁ దిరుగు వైద్యులు చేయుచుండఁగా, అట్టి కండ్లను బరీక్షించి 1918లో గ్రంథము వెలువరించెను. చెడిన కండ్లలో నెన్నియో గ్లాకోమావలననే చెడినవి. సుశ్రుతుఁడు విధించిన పరిశుద్ధియు, సావధానతయు లేక క్రియ మాత్రము మిగులుటవలన నిట్లయినదనుట కొంతవఱకే నిజము. త్రోయఁబడిన కటకము కంటిలోనే యుండి యొత్తిడిని బెంచుట యెంత నేర్పరి చేతనైనను సంభవింపవచ్చును గావున, దోషము క్రియలోనే కొంత కలదు.

తరువాతి కాలమున మూలికలు మరల విచారణకు వచ్చినవి. 1971లో గంజాయి కంటి యొత్తిడిని దగ్గించునని కనిపెట్టిరి. కాని దాని ప్రభావము కొన్ని గంటలు మాత్రమే నిలుచును, మత్తు మాత్రము తప్పదు. భారతదేశపుఁ గోలియస్ మూలికనుండి తీసిన ఫోర్స్‌కొలిన్ కుందేళ్లలోను, కోఁతులలోను, మనుష్యులలోను నొత్తిడిని దగ్గించునని 1983లోఁ గాప్రియోలి, సియర్సులు ప్రకటించిరి. అదియుఁ బైలోకార్పినువలె నిత్యవ్యవహారమునఁ జొరలేదు. ఈ రెండును పరీక్షకు నిలువఁబడి తమ బలాబలములను జూపించుకొన్నవి. అధిమంథమునకు గ్లాకోమా యని పేరు మార్చి పంచఁబడుచున్న యంజనములకు నా పరీక్ష లేదు.

1996 మొదలు 2000 వఱకు హైదరాబాదు ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు ఆంధ్రప్రదేశమున జరిపిన గృహగృహపరిశీలనలో, కోణము తెఱచియున్న గ్లాకోమా గలవారిలో మిక్కిలి యధికసంఖ్యాకులు తమకా రోగ మున్నదని యంతకుముం దెఱుఁగనివారుగాఁ గనబడిరి. వారికి మథనమును లేదు, అర్ధశిరోవేదనయు లేదు.