పాలమూరు పిల్లల రాగిజుట్టు ఎక్కడిది?

పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఎర్రజుట్టు రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి మైదాకు పెట్టుకున్న ముసలివాళ్ల నెత్తి. అది కోరి తెచ్చుకున్న రంగు. రెండోది తల్లిపాలు మానిన పసిపిల్లల తల. మక్కజొన్న పీచులా పలచబడి, నిగారింపు పోయి, రాగిరంగుకు తిరిగిన జుట్టు. ఈ రెండోదాన్ని చూసి ఫలానా కులం, ఫలానా గూడెం పూర్వం ఎక్కడో పడమటి దేశం నుంచి వచ్చి ఉంటుందని ఊహలు అల్లడం తేలిక. ఆ ఊహ తప్పని నా వాదన. ఈ మెట్ట నేల మీద ఎర్రజుట్టు పుట్టింది వంశంలో కాదు, కంచంలో.

ముందు వంశం నుంచి వచ్చే అసలు ఎర్రజుట్టు సంగతి చూద్దాం. మన వెంట్రుకల్లో రెండు రకాల రంగుపదార్థం ఉంటుంది. నలుపు, గోధుమ రంగులిచ్చేది యూమెలనిన్, ఎరుపు పసుపు ఛాయలిచ్చేది ఫియోమెలనిన్. 16వ క్రోమోజోము మీద ఉన్న ఎంసీ1ఆర్ అనే జన్యువు రంగు కణానికి నలుపు తయారు చెయ్యమనే కబురును అందిస్తుంది. ఆ జన్యువు దెబ్బతింటే కబురు అందదు, కణం ఎరుపునే తయారు చేస్తూ పోతుంది. ఎర్రజుట్టుకూ ఈ జన్యువుకూ ఉన్న సంబంధం 1995లో బయటపడింది. ఆఫ్రికా ఎండలో ఇలాంటి మార్పులు నిలవలేదు. నలుపు తగ్గితే చర్మానికి కాపుదల పోతుంది. ఎండ పలచనైన ఉత్తర యూరప్‌లో ఆ ఒత్తిడి సడలింది, మార్పులు పోగుపడ్డాయి. అందుకే స్కాట్లాండ్, ఐర్లాండ్‌లలో ఉన్నంతమంది ఎర్రజుట్టువాళ్లు మరెక్కడా లేరు. ప్రపంచం మొత్తం మీద వాళ్లు నూటికి ఒకరిద్దరు.

ఈ ఎరుపు సాధారణంగా బయటపడాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా మారిన జన్యువు రావాలి. మన వాదానికి కీలకం ఇక్కడే ఉంది. తెలుగునేల మీద పెళ్లిళ్లు చాలావరకు కులం దాటవు, మేనరికాలు తరతరాలుగా సాగాయి. ఇలాంటి చోట దాగి ఉన్న జన్యువు ఎంతోకాలం దాగలేదు. వైశ్యుల సంగతే చూడండి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2009లో ప్రచురించిన పరిశోధన, ఈ సమాజం వందకు పైగా తరాల కిందట కొద్దిమంది మూలపురుషుల నుంచి విస్తరించిందని చూపింది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే సూక్సినైల్‌కోలిన్ మందును శరీరం విరగ్గొట్టలేని లోపం వాళ్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. ఎంసీ1ఆర్ ఎరుపు కూడా ఈ ప్రాంతంలో ఏదో ఒక కులంలో గూడు కట్టుకుని ఉంటే, పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా ఎర్రజుట్టుతోనే బతికిన మనుషులు, అలాంటి ఇళ్లు ఊరూరా కనిపించాలి. కనిపిస్తున్నది వేరు. ఏడాది దాటాక ఎర్రబడి, తిండి కుదిరాక మళ్లీ నల్లబడే జుట్టు. అది ఒక కులానికి కట్టుబడలేదు, పేదరికానికి కట్టుబడింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. చర్మం రంగును తేలికపరిచే ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు రూపం భారతీయుల్లోనూ యూరప్‌వాళ్లలోనూ ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో తేలింది. ఆ పరిశోధనలోనూ సీసీఎంబీ పాత్ర ఉంది. చర్మం రంగు అలా పంచుకున్నప్పుడు జుట్టు రంగు ఎందుకు పంచుకోకూడదు? పంచుకోకూడదని నియమమేమీ లేదు. కానీ ఆ జన్యువు 15వ క్రోమోజోము మీదిది. జన్యువులు ఒకే బండెక్కి రావు, దేని దారి దానిది. నల్లమల చెంచుల్లో కొందరి తండ్రివరస గుర్తు యూరప్, మధ్య ఆసియాల్లో కనిపించే ఆర్1ఏ అని 2003లో వెల్లడైంది. ఆ గుర్తు తండ్రుల వరసను చెబుతుందే తప్ప జుట్టు రంగును నిర్ణయించదు.

మరి కంచం జుట్టును ఎలా ఎర్రబరుస్తుంది? నల్ల రంగుకు ముడిసరుకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం. మాంసకృత్తులు చాలనప్పుడు శరీరం ముందు ప్రాణం నిలిపే పనులు చూసుకుంటుంది, వెంట్రుకకు మిగిలేది తక్కువ. కాబట్టి యూరప్ ఎరుపు మరో రంగు తయారవడం వల్ల వచ్చింది, మన పిల్లలది నలుపు వెలిసిపోవడం వల్ల వచ్చింది. పైకి ఒకటిగా కనిపించినా పుట్టుక వేరు. మాంసకృత్తుల లేమితో వచ్చే ఈ జబ్బును 1930లలో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో సిసిలీ విలియమ్స్ వర్ణించి, అక్కడి గా భాషలోని క్వాషియోర్కర్ అనే మాటనే వైద్యలోకానికి ఇచ్చారు. తర్వాతి బిడ్డ రాగానే పాలు మానాల్సివచ్చిన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. ఆ పేరు పెట్టిన తల్లుల చూపు వైద్యుల కంటే ముందుందని నాకనిపిస్తుంది. మన దగ్గర ఈ విద్యకు పెద్ద పీఠం 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. ఒకే తిండి తిన్న పిల్లల్లో ఒకరు ఎండిపోయి మరొకరు ఉబ్బిపోతారెందుకని అక్కడి సి. గోపాలన్ అడిగారు. శరీరం కరువుకు సర్దుకోగలిగిన తీరులోనే తేడా ఉందని వాదించారు.

ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే పాలమూరులో, గటక, అంబలి, జొన్నరొట్టె తరాలను నిలబెట్టాయి. జొన్నను నిందించడం అన్యాయం. జొన్నలో లైసిన్ తక్కువ, కంది, పెసర ఆ లోటు తీరుస్తాయి. పప్పు ఇంట్లో లేని నెలల్లో, తల్లిదండ్రులు దూరాలకు వలసపోయి ముసలివాళ్ల దగ్గర పిల్లలు మిగిలిన నెలల్లో ఆ లోటు తలమీదికి ఎక్కుతుంది. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్ల మీద గారలా మచ్చలు వేసినట్టే, తిండి లేమి వెంట్రుక మీద గుర్తు వేస్తుంది.

అదంతా ఎండ, నూనె పెట్టకపోవడం అంటారు పెద్దలు. ఆ మాటలో నిజముంది. ఎండ జుట్టును తప్పకుండా వెలిసేలా చేస్తుంది, కొద్దిపాటి ఎరుపు చాలాసార్లు దానిదే. అయితే ఎండ కొసలను కాలుస్తుంది, కుదుళ్లు నల్లగానే ఉంటాయి. ఆకలి కుదురు దగ్గరే మొదలవుతుంది. జుట్టు పీచుబారి, మెల్లగా లాగితే నొప్పి తెలియకుండా చేతికి వచ్చేస్తుంది. నూనె నిగారింపు తెస్తుంది గానీ కుదురులో లేని నలుపును తేలేదు.

వంశమే కారణమన్న మాటకు గట్టి జవాబు కాలం ఇచ్చింది. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ సర్వేలలో దశాబ్దాలు గడిచేకొద్దీ ఇలాంటి తీవ్ర లక్షణాలు బాగా తగ్గాయి. రెండు తరాల్లో ఒక ప్రాంతపు జన్యువులు అంతగా మారవు, కంచాలు మారతాయి. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తిండి కుదిరిన నెలలో నలుపు, కుదరని నెలలో రాగి, మళ్లీ నలుపు. పొడవాటి జుట్టున్న పిల్లల్లో ఈ చారలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. వైద్యులు దీన్ని జెండా గుర్తు అంటారు. అంగన్‌వాడీలో గుడ్డూ పప్పూ అందడం మొదలైన బిడ్డ తలలో ముందు మారేది కుదురే. మూడు నెలలు గడిచేసరికి మూడు సెంటీమీటర్ల నల్లజుట్టు, దాని కింద పాత రాగి.