సీసం అరల నుంచి యూనికోడ్ దాకా

1978లో విజయవాడలో ఒక అచ్చాఫీసులో పనికి చేరేనాటికి నాకు పదహారేళ్లు. మొదటి నెలంతా నాకు అప్పగించిన పని ఒక్కటే: అచ్చయిపోయిన ఫారాన్ని, అంటే పేర్చి బిగించిన పేజీల అక్షరాలను, విప్పి, ప్రతి అక్షరాన్నీ దాని అరలో వేయడం. ఇంగ్లీషు కేసు (అక్షరాల అరల పెట్టె) దగ్గర నిలబడ్డవాడికి అన్నీ చేతికందేవి. తెలుగు కేసు ముందు అడుగులు వేయక తప్పదు. గుణింతాలు ఒక చోట, వత్తులు ఒక చోట, పొల్లులు ఇంకో చోట.

ఎడమచేతిలో వరుస పేర్చే స్టిక్కు, కుడిచేతిలో టైపు, అంటే సీసపు అక్షరం. ప్రతి టైపుకూ ఒక పక్కన చిన్న గాటు ఉంటుంది. అది పైకి ఉందో లేదో బొటనవేలే చెప్పాలి, కళ్లు మాత్రం రాతప్రతి వదలకూడదు. అక్షరాలను తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేరుస్తాం. మాటకూ మాటకూ నడుమ ఖాళీ కూడా సీసపు ముక్కే. అక్షరం కన్నా పొట్టిది కాబట్టి దానికి సిరా అంటదు. కాగితం మీద కనిపించదు గానీ, అది లేకపోతే వరుస నిలవదు.

ఈ పని మాతో మొదలైంది కాదు. 1746లో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో ప్రెస్సు పెట్టారు. అప్పటి నుంచి మా దాకా కంపోజిటర్ల చేతిలో ఉన్నది పోతపోసిన అక్షరమే. తరాల తరబడి నిలిచిన ఆ పని నా కళ్ల ముందే పది పదిహేనేళ్లలో పోయింది. ఆఫ్‌సెట్ వచ్చింది, దాని వెనకే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీ. మా ప్రెస్సులో టైపునంతా గోనెసంచుల్లో పోసి తూకానికి అమ్మేశారు. కాటా పక్కన నిలబడి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

1994లో, ముప్పై రెండేళ్ల వయసులో కీబోర్డు ముందు కూర్చున్నాను. నేర్పిన అమ్మాయికి ఇరవై కూడా లేవు. "బాబాయ్ గారూ, అంత గట్టిగా నొక్కక్కర్లేదండీ, తాకితే చాలు" అనేది. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకు అనూ ఫాంట్లు. వేళ్లు దారికి రావడానికి ఆరు నెలలు పట్టింది. అయినా లోపల జరిగేది పాత పనే. ఆ ఫైల్లో నిల్వ ఉండేది అక్షరాల ఆకారాలే: తలకట్టు, వత్తు, కొమ్ము. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

నన్ను నిజంగా కొత్తవాణ్ణి చేసింది ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్. 1991లో వచ్చిన తొలి వెర్షన్లోనే తెలుగు ఉంది. మా బల్లల మీదికి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఇక్కడ ఆకారం వెతకం. 'క్క' అంటే క, పొల్లు, మళ్లీ క. వత్తు వేసే పని ఫాంటుది. మొదట్లో 'సాఫ్ట్‌వేర్' కొడితే ఫ కింద ట వత్తుతో పాటు వ వత్తు కూడా వచ్చి కూర్చునేది. విడదీయాలంటే మధ్యలో కనిపించని గుర్తొకటి వేయాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది తెలిసిన రోజు నాకు ఆ పొట్టి సీసపు ముక్క గుర్తొచ్చింది. కాగితం మీదికి రాకుండానే మాటను నిలబెడుతుంది. ఈ యంత్రం మీద కూడా నేను చేస్తున్నది నా పనేనని అప్పుడు నమ్మకం కుదిరింది. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఇప్పటికీ కంపోజిటర్‌ననే చెబుతాను.

చిన్న ప్రచురణకర్తలకు, రచయితల పిల్లలకు ఒక మనవి. మీ ఇంట్లో పాత సీడీల్లో అనూ ఫైళ్లు ఉంటే ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చదివించండి, మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి. ఆ సీడీలు తెరిచే కంప్యూటర్లు ఏటేటా తగ్గిపోతున్నాయి.