పెన్న పుట్టిన నందిబెట్ట

బెంగళూరులో ఉండే మనవాళ్లకి నందిబెట్ట అంటే తెల్లారకముందే కార్లో బయల్దేరడం, మంచులో సూర్యోదయం చూసి ఫోటోలు తీసుకోవడం, పదింటికల్లా టిఫిన్‌కి దిగిపోవడం. ఊరికి 60 కిలోమీటర్లే, ఎత్తు 1,478 మీటర్లు. కానీ మన తెలుగు ఇళ్లకి ఆ కొండతో ఉన్న సంబంధం సూర్యోదయంతో అయిపోయేది కాదు.

నేను చదివింది కన్నడ మీడియం. పాఠంలో నది పేరు 'ఉత్తర పినాకిని'. ఇంట్లో మా నాయనమ్మ నెల్లూరు కబుర్లలో అదే 'పెన్న'. నందికి ఆనుకున్న చెన్నకేశవ కొండలో పుట్టి, హిందూపురం వైపు ఉత్తరంగా పోయి, అనంతపురం, కడప దాటి, నెల్లూరు అవతల సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. చిత్రావతి కూడా ఇక్కడి నీరే, పుట్టపర్తి మీదుగా వెళ్లి పెన్నలో చేరుతుంది. దక్షిణ పినాకిని తమిళనాడుకి, అర్కావతి కావేరికి పోతాయి. పాలారుని కూడా కలిపి 'ఐదు నదుల కొండ' అంటారు. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని కదా, చెక్ చేయనిదే ఏదీ ఒప్పుకోను. పాలారు పుట్టేది కోలారు వైపు తలగవార దగ్గర. కాబట్టి ఒక్క శిఖరం నుంచి కాదు, ఈ చుట్టుపక్కల కొండల నుంచి అనడం సరి.

కొండ మీద టిప్పు కోట ఉంది, 1791 అక్టోబర్ 19న ఇంగ్లీషువాళ్లు దాన్ని పట్టుకున్నారు. 1927లో గాంధీగారు ఒంట్లో బాగాలేక ఇక్కడే విశ్రాంతి తీసుకున్నారు. ఇవన్నీ బోర్డుల మీద చదువుకోవచ్చు. నన్ను ఆపింది మాత్రం కొండ కింద నంది ఊళ్లోని భోగనందీశ్వర గుడి. దాని తొలి శాసనాలు సుమారు 806 నాటివి, నొళంబ రాజు కాలంవి. నొళంబుల రాజధాని హేమావతి. అది ఇప్పుడు ఆంధ్రలో, శ్రీ సత్యసాయి జిల్లాలో, సరిహద్దు పక్కనే ఉంది. వాళ్ల శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉంటాయి. ఇటు చూస్తే చిక్కబళ్లాపుర, బాగేపల్లి, గుడిబండె వైపు కర్ణాటకలో ఉంటూనే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమందో. కైవార తాతయ్య రెండు భాషల్లోనూ పాడారు. గుడి బయట పూలమ్మే అవ్వ కూడా "ఎన్ని మూరలు కావల్లప్పా?" అనే అడిగింది. 'మీరు బయటివాళ్లు' అని అటూ ఇటూ ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ గుడే.

నీళ్ల సంగతి మాత్రం అంత తీయగా లేదు. మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు 1892లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. 15 నదుల మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టకూడదని. జాబితాలో పెన్న, చిత్రావతి, దక్షిణ పినాకిని, పాలారు అన్నీ ఉన్నాయి. అప్పటినించీ కిందివాళ్లు 'పైవాళ్లు మా నీళ్లు ఆపేస్తున్నారు' అంటారు. పైవాళ్లు 'మాకే తాగడానికి లేవు' అంటారు. పైన బోరు నీళ్లలో ఫ్లోరైడ్, కింద ఏటిలో ఇసుక. రెండువైపులా మన మాట మాట్లాడేవాళ్లే, అదే బాధ. పాత చెరువుల మీద నింద వేయడం నాకు నచ్చదు. అవి వందల ఏళ్ల నాటివి, అవి ఉండగానే నదులు పారాయి. వందల అడుగుల బోర్లు మన కాలంలో వచ్చాయి.

ముద్దేనహళ్లి ఇక్కడికి దగ్గరే. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. వాళ్ల పూర్వీకులు మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లు, మనలాగే వచ్చి నిలబడ్డ ఇల్లు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కి దారి చూపించింది ఆయనే. ఆయన ఊరి చుట్టూ చెరువులు ఎండిపోతే ఇప్పుడు నింపుతున్నది ఏ నది నీళ్లో తెలుసా? మన బెంగళూరు మురుగునీళ్లు. హెబ్బాళ, నాగవార వైపు ఇళ్లలో మనం వాడి వదిలినవి శుద్ధి చేసి, పంపులతో చిక్కబళ్లాపుర చెరువులకి ఎక్కిస్తున్నారు.

ఈసారి వెళ్తే కొండ దిగాక వెంటనే హైవే ఎక్కకండి. భోగనందీశ్వర గుడి పుష్కరిణి మెట్ల మీద కాసేపు కూర్చుని, చిక్కబళ్లాపుర వైపు కందవార చెరువు దాకా వెళ్లి రండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.