బర్మా పునర్నిర్మాణ శాసనములు – ఉత్తరాంధ్ర శ్రామికులు

యుద్ధమున ధ్వంసమైన దేశమును మరల నిలువబెట్టుటకై పరరాజ్యములు ధనమొసగినపుడు, ఆ ధనము ఎవరి నష్టమును లెక్కించి యొసగబడెనన్నది చరిత్రకారుడు విచారింపదగిన విషయము. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములకు సంబంధించి ఇందులకు తగిన నిదర్శనము బర్మాదేశము.

ఈ ప్రాంతపు పల్లెలలో రంగూనునకు ‘రంగము’ అని వాడుక. ‘రంగము వెళ్లుట’ యనగా పొట్టకూటికై సముద్రము దాటుట. పూర్వపు గంజాం, విశాఖపట్టణ మండలముల పేదలు మేస్త్రీలిచ్చిన బయానాలకు కట్టుబడి, కళింగపట్నము, భీమునిపట్నము మొదలగు రేవులలో ఓడలెక్కిరి. రంగూను రేవులో బస్తాలు మోసిరి. బియ్యపు మిల్లులలో పనిచేసిరి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరమున సగమునకు మించి భారతీయులే యుండిరి.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. 1942 మార్చి 8న నగరము జపానువారి వశమయ్యెను. లక్షలాది భారతీయులు ఓడలపైనను, అరకాను, అస్సాము అడవిదారులలో కాలినడకనను స్వదేశమునకు తరలిరి. దారిలో మరణించినవారు వేలకొలది. ఆ యేడు ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను బాంబులు పడెను.

యుద్ధానంతరము బర్మాకు లభించిన సాయము ప్రధానముగా రెండు విధములు. 1947 అక్టోబరు 17 నాటి నూ–అట్లీ ఒడంబడికచే బ్రిటను కోటియేబది లక్షల పౌనుల బాకీని రద్దుచేసి, మిగిలినదానిని వడ్డీలేక ఇరువది వార్షిక వాయిదాలలో తీర్చుటకంగీకరించెను. 1954 నవంబరు 5న కుదిరిన ఒప్పందముచే జపాను పదేండ్లలో 20 కోట్ల డాలర్ల విలువగల వస్తువులను, సేవలను నష్టపరిహారముగా నిచ్చుటకు పూనుకొనెను. బలూచాంగు జలవిద్యుత్కేంద్రము దాని ఫలమే.

ఈ రెంటను ఇచ్చినదియు పుచ్చుకొన్నదియు రాజ్యమే. రంగమున కూలి బకాయిలను, దాచుకొన్న సొమ్మును విడిచివచ్చిన శ్రామికుడు బర్మా పరిహారమున చేరలేదు. అతడు భారతీయుడు గదా యందుమేని, 1952 జూన్ 9 నాటి సంధిలో భారతప్రభుత్వము జపానుపై నష్టపరిహారపు హక్కుల నన్నిటిని విడిచికొనెను. ఓడిన దేశముపట్ల అది ఔదార్యమే. కాని ఆ ఔదార్యపు మూల్యమున కొంత మన పల్లెలు చెల్లించినవి.

మరల పోయి సంపాదించుకొందమన్నను, 1947లోనే బర్మా చేసిన అత్యవసర వలస నిబంధనల చట్టము అడ్డునిలిచెను. దీనిని కేవలము ద్వేషకార్యమనుట న్యాయము కాదు. 1930 మే మాసమున రేవు పనివిషయమై తెలుగు కూలీలకును బర్మీయులకును జరిగిన ఘర్షణలు, 1941 నాటి వలస ఒడంబడిక దానికి పూర్వరంగములు. చౌకకూలికై ఇరువురిని పోటీకి దింపినవారు వేరు, ఫలమనుభవించినవారు వేరు.

1962 తరువాత సైనికప్రభుత్వకాలమున మరల వేలాదిమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున ‘బర్మా క్యాంపు’ అను పేరు నేటికిని ఆ గాథను తెలుపుచున్నది.

కావున సంధిపత్రములను మాత్రమే చదివి పునర్నిర్మాణచరిత్ర వ్రాసినచో అది రాజ్యముల జమాఖర్చు మాత్రమే యగును. రంగమునుండి వచ్చినవారి సంతతి నోట నిలిచిన మాటలను, ఇండ్లలో మిగిలిన ఉత్తరములను మన పరిశోధకులు సత్వరము సేకరింపవలెనని మా మనవి. ఏ శాసనమును లెక్కింపని నష్టమునకు అవియే లెక్కలు.